ఇంటి వాడకం కాదు

ఇంటి వాడకమా? అలా ఎలా రాసేస్తారండీ? ఆ కలానికి కాస్త మూత పెట్టండి. ముందు కూర్చోండి. ఆ కుర్చీలో కాదు, దాని మీద పంచదార పొడి పడింది, ప్యాంటు పాడవుతుంది. ఇటు రండి, కిటికీ పక్కకి.

మీరు నాకేదో మేలు చేస్తున్నాననుకుంటున్నారు ఇన్‌స్పెక్టర్ గారూ. అర్థమైంది. ఆ ఫారంలో 'ఇంటి వాడకం' అన్న గడిలో టిక్కు పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది, నా ఓవెన్ జోలికి ఎవరూ రారు. 'వ్యాపారం' అన్న గడిలో పెడితే నాకు లైసెన్సు లేదు గనక ఓవెన్‌కి సీలు వేసి, కింద గేటు దగ్గర కాగితం అంటించి వెళ్ళాలి. ఇంతేగా? రెండుసార్లు చెప్పారు. నా చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

అయినా సరే, నాది వ్యాపారమే.

అలా చూస్తారేం? మామూలుగా అందరూ అబ్బే మా ఇంట్లోకేనండీ, పిల్లలు తింటారనండీ అని మిమ్మల్ని బతిమాలుకుంటారు కాబోలు. నేను బతిమాలను. వ్యాపారం చేస్తున్నాను, లైసెన్సు తీసుకోలేదు. తప్పు నాది. రాసుకోండి.

ఒక్క నిమిషం. ఈ గిన్నె మీద తడిగుడ్డ కప్పాలి. లేకపోతే మనం మాట్లాడుతుండగానే మీద పెచ్చు కట్టేస్తుంది. మీతో మాట్లాడుతూనే నా పని నేను చేసుకుంటాను, ఏమనుకోకండి. గోడకి సగం రంగు వేసి టీ తాగడానికి పోతే మధ్యలో గీత పడిపోతుంది చూడండి, ఇదీ అంతే. మొదలుపెట్టాక ఆగకూడదు.

ఆ ఫిర్యాదు ఇటివ్వండి ఒకసారి. చేతులు తుడుచుకున్నాను లెండి. ఆఁ, ఇదిగో. 'పై వాటాలో రోజంతా ఫ్యాను మోత. మెట్ల మీద పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వచ్చేపోయే జనం. ఎక్కడ చూసినా డబ్బాలే. ఇది నివాస భవనమా, బజారా?'

ఎంత బాగా రాశారో చూడండి. వచ్చేపోయే జనం.

సంతకం లేదు కానీ, ఎవరు రాశారో ఈ బిల్డింగులో ఎవర్నడిగినా చెప్తారు. నా కింద రెండో అంతస్తులో ఉంటారు, నోటీసుల మాస్టారు. పేరు మేం పెట్టుకున్నదే. గేటు సరిగ్గా వేయకపోతే నోటీసు. గుమ్మం బయట చెప్పులుంటే నోటీసు. ఎవరిదో పిల్లి మెట్లెక్కి వస్తోందని దాని మీద కూడా ఒక నోటీసు అంటించారు, అదీ దాని ఎత్తుకి అందేలా.

కోపమా? ఆయన మీదా? అబ్బే. ఈ కాగితానికి జిరాక్సు కాపీ ఒకటి ఇప్పిస్తారా నాకు? ఏం లేదు, ఊరికే. దాచుకుందామని.

ఇంకేం రాయాలి ఫారంలో? ఇంట్లో ఎందరు? ఒకరు. నేనే. ఆయనా? ఉన్నాడు. వేరే ఊళ్ళో, వేరే ఇంట్లో, వేరే ఆవిడతో. ఆరోగ్యంగానే ఉన్నాడని విన్నాను. దాని మీద నాకిప్పుడు బాధా లేదు, తీరికా లేదు. పిల్లలు లేరు. ఇప్పుడు మీరే చెప్పండి. ఒంటి మనిషి ఇంట్లో ఈ బల్ల మీద ఇరవై నాలుగు బిస్కెట్లున్నాయి. పన్నెండు గొడుగులు, పన్నెండు తాళంచెవులు. ఏ మనిషి తన ఒక్క ప్రాణానికి కూర్చుని గొడుగుల ఆకారంలో బిస్కెట్లు చేసుకుంటుందండీ? ఇంటి వాడకమట.

మీకు తెలీక అలా రాసేస్తున్నారు. ఇందులో ఎంత పనుందో చూస్తే ఆ మాట అనరు. ఇటు చూడండి.

ఇది గీతకి. ఇది నింపడానికి. రెండూ ఒకటే ఐసింగ్. రాయల్ ఐసింగ్ అంటారు గానీ రాజుల ఇంటి సరుకేం కాదు, పంచదార పొడి, తెల్లసొన పొడి, నీళ్ళు. నాలుగోది లేదు. తేడా అంతా నీటి చుక్కల్లో ఉంది. గీతకైతే పళ్ళపేస్టులా నిలబడాలి. నింపడానికైతే జారాలి, కానీ గీత దాటి పారిపోకూడదు. ఎంత జారాలో ఎలా తెలుస్తుందీ అంటే, ఇదిగో ఈ చెంచాతో తీసి మళ్ళీ గిన్నెలోకే వదలండి. తాడులా పడుతుంది కదా. ఆ తాడు కాసేపు పైనే తేలుతూ ఉంటుంది. అది కలిసిపోయి కనపడకుండా పోయేదాకా లెక్కపెట్టండి.

పైకే పెట్టండి, సిగ్గెందుకు? ఇక్కడ మనిద్దరమే ఉన్నాం.

పన్నెండా? సరిగ్గా ఉంది. పదిలోపే పోతే మరీ పల్చన, అంచు దాటి బల్ల మీదికొస్తుంది. ఇరవై దాటితే చిక్కన, గతుకుల రోడ్డులా ఆరుతుంది. ఒక్క నీటి చుక్క తేడా. అది కూడా గిన్నె శుభ్రంగా ఉంటేనే. నూనె చెయ్యి ఒక్కసారి తగిలిందా, మొత్తం పారబోసుకోవడమే.

ఇరవై రెండేళ్ళు రంగుల కంపెనీ ల్యాబులో నేను చేసిందీ ఇదే. అక్కడ అడుగున చిల్లున్న గిన్నె ఒకటుంటుంది. దాన్నిండా రంగు పోసి, ఎన్ని సెకన్లలో ఖాళీ అవుతుందో స్టాప్‌వాచ్ పట్టుకుని చూడాలి. రోజుకి నలభై సార్లు. డిగ్రీ చదివింది ఇందుకా అని మా అమ్మ అనేది. తరవాత ఒక మిషనొచ్చింది. అదే పోసుకుంటుంది, అదే లెక్కపెడుతుంది, అదే రాసుకుంటుంది. నాకో గోడగడియారం ఇచ్చి పంపించేశారు. అదిగో, ఆ గోడ మీదున్నదే. సెకన్ల ముల్లు కూడా లేదు దానికి.

సరే, చూడండి. ఐసింగ్ నింపిన ఈ బ్యాగు ఇలా పట్టుకోవాలి. దాని ముక్కు బిస్కెట్టుకి ఆనించి లాగకూడదు. కాస్త పైకెత్తి పట్టుకుని దారం వదిలినట్టు వదలాలి, అది తనంతట తనే పడాలి. అంచు చుట్టూ గీత వేశానా, ఇప్పుడు మధ్యలో నింపేది. మరీ నిండా పోయకూడదు. ఇలా బిస్కెట్టుని బల్ల మీద రెండుసార్లు అటూ ఇటూ కదిపితే సర్దుకుంటుంది. అదిగో బుడగలు. వీటిని వదిలేస్తే ఆరాక గుంటలు పడతాయి. ఈ టూత్‌పిక్ తీసుకోండి. పొడవండి. నెమ్మదిగా, పైపైన.

పర్లేదే. చెయ్యి వణకడం లేదు మీకు. ఆ మూల ఇంకోటుంది.

ఈ ఎరుపు మీకు వెలిసిపోయినట్టు కనపడుతోంది కదా. రేపటికి చిక్కబడుతుంది. అందుకని కావాల్సిన దానికంటే ఒక మెట్టు లేతగా కలుపుకోవాలి. ఇది తెలీని వాళ్ళు బాగా ఎర్రగా కలిపేసి, పొద్దున లేచి చూసి లబోదిబోమంటారు.

అయ్యో, ముట్టుకోకండి. పైన ఆరినట్టే కనపడుతుంది, లోపల పచ్చి. వేలు పెడితే ఆ ముద్ర అలా ఉండిపోతుంది. ఇలా మబ్బు పట్టి ఉంటే ఆరడానికి నిండా ఒక రోజు పడుతుంది. ఇప్పుడు నాలుగైందా, రేపు నాలుగింటికి గానీ ఆరదు. అప్పుడు దీని మీద గొడుగు ఊచలు సన్నగా గీయాలి. అవి ఆరడానికి ఇంకో పూట. ఆ తరవాతే డబ్బాలో పెట్టడం. తొందరపడి ముందే గీస్తే కింద రంగు పైకి పాకి గీతలన్నీ అలుక్కుపోతాయి. అందుకే ఆ ఫ్యాను ఆపను. మాస్టారి నెత్తిన రోజంతా గిర్రున తిరుగుతున్నట్టే ఉంటుంది పాపం, కాదనను.

ఎలా మొదలైందనా? మా చెల్లెలి కూతురి ఐదో పుట్టినరోజుకి. మూడేళ్ళయింది. ఉద్యోగం పోయిన కొత్త, చేతులూరుకోవడం లేదు. అరవై బిస్కెట్లు చేశాను, గాలిబుడగల ఆకారంలో, ఆరు రంగులు. మూడు రోజులు నడుం ఎత్తలేదు. వచ్చినవాళ్ళు తినడం మానేసి ఫోటోలు తీసుకున్నారు. ఒక పిల్లవాడు తింటే పోతుందని జేబులో పెట్టుకున్నాడు. నలుగురు నా నంబరు తీసుకున్నారు. ఆ ఏడాది పదకొండు ఆర్డర్లు.

ఆ పదకొండు ఆర్డర్లకే ఈ బిల్డింగులో నాకు పేరు పడింది. అంతకు ముందు నన్ను ఏమనేవారో తెలుసా? మూడో అంతస్తులో ఒంటరావిడ. అదీ నా వెనకే. ఆ తరవాత బిస్కెట్ల మేడమ్ అయ్యాను. గేటు దగ్గర వాచ్‌మన్ డబ్బాలందుకునేవాడు, ఇవాళెవరికి మేడమ్ అని. ఎదురింటావిడ నేను తలుపు తీయడం చూసి తనూ తీసి, ఏం బొమ్మలు చేశారో చూపించమనేది. మెట్లు దిగేసరికి నాలుగు పలకరింపులు. అన్నీ డబ్బాలకేలెండి, నాకు తెలుసు. డబ్బా నా చేతిలో ఉంది కదా, నాకూ తగిలేవి.

ఆ, కొన్నవాళ్ళ నంబరు. మీరు అడుగుతూనే ఉన్నారు, నేను మాట దాటేస్తూనే ఉన్నాను. వ్యాపారమని రాయాలంటే కొన్నవాళ్ళు ఒక్కరైనా ఉండాలి, నిజమే. కానీ నా దగ్గర కొనేవాళ్ళని ఈ గొడవలోకి లాగడం నాకిష్టం లేదండీ. పెద్దమనుషులు. ఒక డాక్టరు గారున్నారు, వాళ్ళ పాప పుట్టినరోజుకి ప్రతి ఏడూ నా దగ్గరే. నిరుడంతా పసుపంటే పడిచచ్చిపోయింది ఆ పిల్ల, ఈ ఏడు ఊదారంగు తప్ప వద్దని పేచీ పెట్టింది. ఇంకో ఆవిడ నర్సుల స్కూలు ప్రిన్సిపాలు, తెల్ల టోపీలు చేయించుకుంది, కుట్లు కూడా కనపడాలంది.

ఇవి బ్యాంకు మేనేజరు గారివి. రిటైరవుతున్నాడు. ఎండాకాలంలో కూడా గొడుగు లేనిదే గుమ్మం దాటడట, అందుకని ఆఫీసు వాళ్ళు గొడుగులూ తాళంచెవులూ కావాలన్నారు. మనిషి కాస్త పిసినారే. తన పార్టీకి తనే వచ్చి బేరమాడి వెళ్ళాడు. పోనీలే పెద్దాయన అని ఊరుకున్నాను.

ఎప్పుడా పార్టీ? రేపే. పొద్దున పదింటికి.

ఏమైంది?

ఏంటి, ఆ గడియారం వంక చూస్తున్నారు?

ఓ.

నాలుగైంది. రేపు నాలుగింటికి గానీ ఆరదు. ఆ తరవాత గీతలు, ఇంకో పూట. నేనే చెప్పాను, ఇందాక. మీరు బాగానే విన్నారు. మామూలుగా ఈ సోదంతా ఎవరూ వినరు, తలూపి ఊరుకుంటారు. మీరు విన్నారు.

పదింటి పార్టీకి ముందు రోజు నాలుగింటికి రంగు నింపుతూ కూర్చునేది ఎవరండీ? మొన్నే మొదలుపెట్టి ఉండాలి. కొత్తగా నేర్చుకున్న పిల్ల కూడా చేయదు ఈ పొరపాటు. నిజంగా రేపు ఎవరైనా వచ్చేట్టుంటే నేను మాత్రం చేస్తానా? ఎవరూ రానప్పుడు ఎప్పుడు నింపితేనేం. ఇవాళ చేయబుద్ధేసింది, ఇవాళ చేస్తున్నాను. తారీఖు సంగతే మర్చిపోయాను.

మీరేం మాట్లాడకండి. ఈ ఒక్క గొడుగు నింపేయనివ్వండి, మధ్యలో ఆపితే పాడవుతుంది.

అయిపోయింది. ఇప్పుడు చెప్తాను.

బ్యాంకు మేనేజరు లేడండీ. డాక్టరు గారి పాపా లేదు. పద్నాలుగు నెలలయింది నా దగ్గర ఎవరైనా ఒక్క బిస్కెట్టు కొని.

ఏం జరుగుతుంది, మామూలే. బస్టాండు పక్క వీధిలో ఒక షాపు పెట్టారు. ఫోటో ఇస్తే ఐసింగ్ మీద మిషనుతో అచ్చేసి ఇస్తారు. అరగంట పని. మీ పిల్ల మొహం మీరే కొరుక్కుని తినొచ్చు. రెండో ఏడాది నాకు రెండు ఆర్డర్లే వచ్చాయి. ఆ తరవాత మా చెల్లెలి కూతురికి ఏడో పుట్టినరోజొచ్చింది. నేను పిండి కలుపుకుందామని వెన్న బయట పెట్టి, ఎన్ని కావాలే అని ఫోన్ చేశాను. నీకెందుకక్కా శ్రమ, షాపులో చెప్పేశాం అంది. ప్రేమగానే అంది. పార్టీకెళ్ళాను. పిల్ల ఫోటో ఉన్న బిస్కెట్టొకటి చేతిలో పెట్టారు. తిన్నాను. తడికాగితం నమిలినట్టుంది. బాగుందన్నాను.

ఆ వారమే ఒకరోజు ఖాళీ చేతుల్తో మెట్లు దిగుతున్నాను. ఎదురింటావిడ ఎదురై, ఇవాళ ఆర్డర్లేం లేవా అంది. అడగడం మామూలుగానే అడిగింది. అడిగాక మొహం పెట్టింది చూడండి, మా ఆయన వెళ్ళిపోయినప్పుడు పెట్టిన మొహం అది. మళ్ళీ అదే. నా ఒళ్ళు మండింది. లేకేం, ఎల్లుండి సాయంత్రం రెండు డబ్బాలు ఇచ్చి రావాలి అన్నాను.

అన్నాక చేయాలి కదా.

చేశాను. రెండు డబ్బాలు పట్టుకుని దిగాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరికి మేడమ్ అన్నాడు. డాక్టరు గారి పాపకి అన్నాను. అప్పటికి ఆ పిల్ల లేదు, ఆ మాటతోనే పుట్టింది. బస్సెక్కి చివరి స్టాపుదాకా వెళ్ళి, బెంచీ మీద కాసేపు కూర్చుని, డబ్బాలు పెద్ద సంచిలో పెట్టుకుని తిరిగొచ్చాను. సంచీ అయితే కూరగాయలనుకుంటారు.

పంచిపెట్టొచ్చు కదా అంటారు. చూశాను. బస్టాపులో ఒక చిన్నపిల్లకి ఇవ్వబోతే వాళ్ళమ్మ పిల్లని తన వైపు లాక్కుని ఇంకో బెంచీ మీద కూర్చుంది. ఆస్పత్రిలో రిసెప్షన్ అమ్మాయి, బయటి తినుబండారాలు తీసుకోం మేడమ్ అంది. తప్పు వాళ్ళది కాదు. నడివయసావిడ, ఎవరో ఏమిటో, డబ్బా పట్టుకుని నవ్వుతూ వస్తే నేనైనా తీసుకోను. ఊరికే ఇచ్చేదాన్ని జనం ఊరికే తీసుకోరండీ.

ఆ గది తలుపు తీసి చూడండి. తాళం లేదు, తోయండి.

నలభై ఒక్క డబ్బాలుండాలి. మంచం మీద, మంచం కింద, బీరువాలో. నేను ఇక్కడే హాల్లో పడుకుంటున్నాను. ఐసింగ్ గట్టిపడ్డాక తొందరగా పాడవదు, అదొక గుణం దానికి. లేబుళ్ళు చదవండి. డాక్టరు గారి పాప, ఐదో ఏడు. అన్నీ పసుపురంగు జంతువుల బొమ్మలు. దాని పక్కనే ఆరో ఏడు, ఊదారంగు. ఎదుగుతోంది కదా మరి, ఏటేటా అదే అంకె వేస్తే బాగుండదు. ఆ మేనేజరు బేరమాడింది కూడా నేను కల్పించిందే. అందరూ మంచివాళ్ళే అయితే నమ్మకం కుదరదు. నాకే కుదరదు.

ఇక ఆ మెట్ల మీది జనం. మాస్టారు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా విన్న అడుగులన్నీ నావేనండీ. నాలుగు డబ్బాలుంటే నాలుగుసార్లు దిగేదాన్ని, ఒకేసారి పట్టుకెళ్ళకుండా. ఒకసారి బూట్లేసుకుని, ఒకసారి చెప్పులేసుకుని. ఒకసారి గబగబా, ఒకసారి ఆయాసపడే మనిషిలా ఆగి ఆగి. ఆయన కింద కూర్చుని విని, లెక్కపెట్టి, జనమని రాశారు. నమ్మారాయన. ఇన్నేళ్ళలో నా పనికి ఎవరైనా కాగితం మీద రాసి ఇచ్చిన మాట అదొక్కటే. అందుకే కాపీ అడిగాను.

వద్దు, నీళ్ళేం వద్దు. నేనేం ఏడవడం లేదు. పంచదార పొడి కళ్ళలో పడితే ఇలాగే అవుతుంది.

అయితే ఇంటి వాడకమే కదా అంటారు. నాకు తెలుసు మీరు అదే అంటారని. మీరు మంచివారు. టిక్కు పెట్టేస్తే ఓవెన్ నాకుంటుంది, రేపూ ఎల్లుండీ చేసుకోవచ్చు. కానీ మీరిందాక చదివి వినిపించారు కదా, విచారణలో తేలిన సంగతి ఫిర్యాదు వచ్చిన భవనం సంఘానికి ఒక కాపీ పంపాలని. ఏం రాస్తారందులో? 'మూడో అంతస్తులో తనిఖీ చేయగా కొనుగోలుదారులు ఎవరూ లేరని తేలింది.' అంతేగా? ఆ కాగితం వచ్చేది మాస్టారి చేతికి. ఆదివారం సంఘం మీటింగులో లేచి నిలబడి చదువుతారు. ఒక్కో మాటా ఒత్తి చదువుతారాయన. ఎదురింటావిడ ముందు వరసలో కూర్చుంటుంది.

ఇప్పుడర్థమైందా?

కాబట్టి వ్యాపారమని రాయండి. కొన్నవాళ్ళు ఉండాలంటారు, అంతే కదా. ఆ గదిలో నలభై ఒక్క లేబుళ్ళున్నాయి, తారీఖులతో, ఎవరికో ఎందుకో అన్నీ రాసి. చేతిరాత నాదే, కాదనను. మీ ఫోనుతో ఫోటోలు తీసుకోండి. మీ పై ఆఫీసరు ఆ పాప ఇంటికెళ్ళి బిస్కెట్లు తిన్నావా అని అడగడు. ఇంత సాక్ష్యం నిజంగా వ్యాపారం చేసేవాళ్ళ దగ్గర కూడా దొరకదు మీకు.

మీకు అబద్ధం రాయడం ఇష్టం లేదు. మంచిదే. నేను మాత్రం ఇష్టమై చెప్తున్నానా? అయినా మీరు రాసేది నా మాట. 'తాను వ్యాపారం చేస్తున్నట్లు ఆమె ఒప్పుకున్నది' అని రాయండి. ఒప్పుకున్నాను. అందులో అబద్ధమేముంది?

ఓవెన్ లేకపోతే ఏం చేస్తానా?

తెలీదండీ. పొద్దున ఐదున్నరకి మెలకువొస్తుంది. ఇన్నాళ్ళూ లేవగానే ఇవాళెవరికి చేద్దామా అని ఒక మనిషిని తయారుచేసుకునేదాన్ని. వాళ్ళకేం ఇష్టం, వాళ్ళింట్లో ఎవరెవరు, ఏ రంగు, ఎందుకు. టీ తాగేలోపు మనిషి తయారు. వెన్న కొలిచి, పిండి జల్లించి కలుపుకునేసరికి ఎనిమిది. రేపట్నుంచి ఐదున్నరకి లేచి ఏం చేయాలో నాకూ తెలీదు. మీ ఫారంలో దానికి గడి లేదు కదా, వదిలేయండి.

సీలు ఓవెన్ తలుపుకి అడ్డంగా వేయండి, పైన వేస్తే మీటలు కనపడవు. కాస్త తుడిచి ఇస్తాను ఉండండి, వెన్న జిడ్డు మీద మీ కాగితం అంటదు.

గేటు దగ్గర అంటించేది పెద్దక్షరాల్లోనే ఉంటుందా? వ్యాపారం అన్న మాట స్పష్టంగా పడుతుందా? మంచిది. ఎవరైనా అడిగితే, ఏం చేయనండీ, ఆర్డర్లు మరీ ఎక్కువైపోయాయి, ఎవరో ఫిర్యాదు చేస్తే ఆఫీసు వాళ్ళొచ్చి మూయించేశారు అంటాను. మూయించేశారని నలుగురికీ చెప్పుకోవచ్చండీ. ఎవరూ రాలేదని ఎలా చెప్పుకుంటాను?

ఏమన్నారు? ఎవరడుగుతారు మేడమ్, అనా?

అదీ నిజమే.

ఇంతకీ సంతకం ఎక్కడ పెట్టాలి?